ఉన్ని వాలు

మొదటిసారి కాన్వాసు ముందు కూర్చున్న రోజు నేను అడుగున, ఎడమచేతి మూల నుంచి మొదలుపెట్టాను. వేలెడు వెడల్పున అడుగంతా పూర్తి చేసి, దాని మీద ఇంకో వేలెడు, ఆ పైన మరో వేలెడు. గంటన్నర గడిచాక మా డ్రాయింగ్ మేడమ్ కాఫీ గ్లాసుతో వెనక నుంచి వచ్చి చూశారు. కాన్వాసు అడుగున జానెడు మేర గచ్చు, ఉల్లిపాయల బుట్టలో సగం, కుర్చీ కాళ్ళు నాలుగూ ఖచ్చితంగా తయారై ఉన్నాయి. పైనంతా తెల్లగుడ్డ. కాళ్ళున్నాయి గాని వాటి మీద కుర్చీ లేదు.

"ఏవమ్మా, వరద ఎక్కినట్టు కింద నుంచి పైకి ఎక్కుతోందేంటి నీ బొమ్మ?" అన్నారావిడ, నోట్లో కాఫీ మింగలేక, నవ్వు ఆపుకోలేక.

నాకు చురుక్కుమంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. "మాది తివాచీల ఇల్లండీ. మగ్గం మీద కింది వరస పూర్తవకుండా పై వరసకి వెళ్ళడం ఉండదండీ. తప్పుంటే ఊడదీయాలి గాని, వెనక్కొచ్చి దిద్దడం కుదరదు," అన్నాను.

ఆవిడ నవ్వాపేశారు. "అదా సంగతి," అని స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, వరద ఎక్కని ఆ పొడి చోటంతా నా చేతే ముదురు గోధుమరంగుతో ఒక్క పూత పూయించారు. గది మొత్తం ఒకేసారి చీకటి పడాలట. తరవాత ఆ చీకట్లోంచి ఒక్కొక్క వస్తువునీ బయటికి తీసుకురావాలట. "మీరు ముడేస్తూ పైకి వెళ్తారు. మేం చీకటి పరిచి వెలుగు దించుతాం. అంతే తేడా," అన్నారు. ఆ ఒక్క ముక్క నా బుర్రకెక్కడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

మాది ఏలూరు, తంగెళ్లమూడి. మా తాతగారి తాతల నుంచీ తివాచీలు నేసిన ఇల్లు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ, తెలుగూ కలిసిపోయిన భాష. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. నాన్నని మాత్రం అబ్బా అనే పిలుస్తాను. చిన్నప్పుడు బడి గుమ్మంలో ఆయన్ని చూసి "అబ్బా!" అని అరిస్తే, ఎక్కడ నొప్పెట్టిందమ్మా అని టీచరు కంగారుపడేవారు. నేను జాకెట్లు కుడతాను. నలభై దాటాక కుంచె పట్టానంటే దానికి కారణం ఆయన మగ్గమే.

ఆ ఏడు రంజాన్ పండగ నాడు, సేమియా తిని గిన్నె కింద పెట్టి, ఆయన చాలా మామూలుగా చెప్పారు. "వచ్చే రంజాన్ అయ్యాక మగ్గం విప్పేద్దాం. మోకాళ్ళు పలక మీద కూర్చోనివ్వట్లేదు. చేతిలో ఉన్న తివాచీ ఒక్కటీ పూర్తి చేస్తాను." మగ్గం గది మా ఇంట్లో వెనక వైపు ఉంటుంది. తూర్పున ఒకే ఒక్క కిటికీ, గోడకి ఆనుకుని నిలువు మగ్గం, దాని ముందు కూర్చునే పలక, నేల మీద, ఇంతకుముందు నేసి దింపిన తివాచీ, మూలన రంగురంగుల ఉన్ని దారపు చుట్టలు. నేను పాకింది ఆ గదిలోనే, అక్షరాలు దిద్దింది ఆ గదిలోనే.

మర్నాడే ఫోన్ తీసుకుని ఆ గదికి ఫొటోలు తీశాను. ఒకటి కాదు, నలభై. కిటికీ కనిపిస్తే గది బొగ్గు. గది కనిపిస్తే కిటికీ తెల్లటి మంట. ఫ్లాష్ వేస్తే మా గది కాస్తా ఆస్పత్రి వార్డు. పొద్దున తొమ్మిదిన్నరకి ఆ కిటికీలోంచి పడే వెలుగులో ఉన్ని నూగు తేలుతూ ఉంటుంది, ఆ నూగు వల్లే గది గదిలా ఉంటుంది. అది ఏ ఫొటోలోనూ రాలేదు. అప్పుడు పట్టింది నాకు పంతం. మగ్గం విప్పేలోగా ఆ గదిని నేను బొమ్మగా వెయ్యాలి, అది చూసి ఆయన "ఇది మన గది" అనాలి. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకాన్ని.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ చెప్పింది, గూడెంలో రిటైరైన డ్రాయింగ్ టీచరు ఒకరు ఆదివారాలు పెద్దవాళ్ళకి నేర్పుతారని. గూడెం అంటే మాకు తాడేపల్లిగూడెమే. పొద్దున్నే పాసింజర్ ఎక్కితే భీమడోలు దాటాక కిటికీ పక్క సీటు దొరికేది. మేడమ్ గారి ఇల్లు ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో. ఆ వీధిలో గాలే ఉల్లిపాయ. అందుకే మాకు మొదటి పాఠం ఉల్లిపాయల బుట్ట. రెండు నెలల పాటు తెల్లరంగు గొట్టం మూత తియ్యనివ్వలేదావిడ. "తెలుపు పూస్తే వెలుగొస్తుందనుకుంటారు అందరూ. సున్నమొస్తుంది," అనేవారు. పక్కన చీకటి సరిగ్గా ఉంటే ఎర్రటి ఉల్లిపొట్టు దానంతటదే మెరుస్తుంది. మొదట నమ్మలేదు. ఒక ఆదివారం నా ఉల్లిపొట్టు నిజంగానే మెరిసింది, పైగా దాని వెనక ఎండ ఉన్నట్టు కనిపించింది. రైల్లో ఇంటికొస్తూ ఒడిలో కాన్వాసు పెట్టుకుని, ఎదురు సీటు వాళ్ళకి కనపడేట్టు కావాలనే తిప్పి పట్టుకున్నాను. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇబ్బందల్లా ఒక్కటే. ఇంటి నిండా టర్పెంటైన్ వాసన. కుట్టిన జాకెట్లకి కూడా పట్టింది. "ఏవండీ, మా పట్టుజాకెట్టు పెయింటు డబ్బాలో గాని పెట్టారా అండీ?" అని అడిగిందొకావిడ. అప్పట్నుంచి రంగుల సంచి మగ్గం గదిలోకి మార్చాను. అబ్బా ముక్కు చిట్లించారు గాని వద్దనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టారు. "గది వేసుకో. నా బొమ్మ మాత్రం వెయ్యకమ్మా." మనుషుల బొమ్మలు ఇంట్లో ఉండటం ఆయనకి ఇష్టం లేదు. అది ఆయన నమ్మకం. సరేనని మాటిచ్చాను. మాటైతే ఇచ్చాను గాని, ఆయన లేకుండా ఆ గది ఎలా వస్తుందో అప్పటికి నాకు తెలీదు.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మగ్గం గది మొదటి బొమ్మ పూర్తయింది. మేడమ్ గారు చూసి ఫరవాలేదన్నారు. గోడ పెచ్చులు కత్తితో రంగు మందంగా పట్టించి వేశాను, పలక మీద నునుపు గుడ్డతో తుడిచి తెప్పించాను. కొమ్ములు మొలిచినంత గర్వంగా తీసుకెళ్ళి అబ్బా చేతిలో పెట్టాను.

ఆయన మొదట చేసిన పనేంటంటే, దాన్ని బోర్లా తిప్పారు. తివాచీ నేసేవాడు ఎవడైనా మొదట చూసేది వెనకవైపే. పనితనం అక్కడే తెలుస్తుంది, ముడి బిగువుగా ఉందా, వరస తిన్నగా ఉందా అని. వెనక బొటనవేలితో రాసి చూశారు. "ఏం లేదే ఇక్కడ. ఉత్త గుడ్డ," అన్నారు.

"అబ్బా, బొమ్మ ముందుంటుంది," అన్నాను, పళ్ళ బిగువున.

ముందుకి తిప్పి చాలాసేపు చూశారు. గోడ గురించి ఒక్క మాట లేదు. పలక గురించి లేదు. నేల మీద నేను వేసిన తివాచీ మీద వేలుపెట్టి, "ఇది ఏ కొస నుంచి చూస్తున్నట్టు?" అని అడిగారు.

తివాచీ గురించి తెలియని వాళ్ళకి ఇది చెప్పాలి. మగ్గం మీద ప్రతి ముడినీ వేసి కిందికి లాగి కోస్తారు. దాంతో ఉన్ని పోగులన్నీ మొదలుపెట్టిన కొస వైపు వాలి ఉంటాయి. దాన్నే మా ఇళ్ళల్లో వాలు అంటారు. మొదలు కొస దగ్గర నుంచుని చూస్తే పోగుల మొనలు మన వైపు ఉంటాయి, ఎరుపు దానిమ్మ గింజంత ముదురుగా కనిపిస్తుంది. అవతలి కొసకి వెళ్ళి చూస్తే అదే ఎరుపు లేతబడి, మెరుస్తూ కనిపిస్తుంది. ఒకే తివాచీ, ఒకే రంగు, నుంచునే చోటుని బట్టి రెండు. కొనేవాళ్ళకి తివాచీ పరిచినప్పుడల్లా అబ్బా వాళ్ళని ఇటో పది అడుగులు, అటో పది అడుగులు నడిపించేవారు. ఆ నడక చూస్తూ పెరిగినదాన్ని నేను. తీరా బొమ్మ వేసేసరికి సగం ముదురు, సగం మెరుపు, నాకు అందంగా తోచిన చోటల్లా వేశాను.

"వాలు లేని తివాచీ అంటే గోనెపట్టా," అన్నారాయన. బొమ్మ గోడకి ఆనించి, పలకెక్కి కూర్చున్నారు. మోకాళ్ళు అరిగిపోయినా, చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, ఆ మాటలో పదును మాత్రం తగ్గలేదు.

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఒక జాకెట్టుకి రెండు చేతులూ కుడివైపువే కుట్టాను. నాలుగో రోజు కోపం దిగాక నిజం ఒప్పుకున్నాను, ఆయన చెప్పింది అక్షరాలా కరెక్టు. అంత కోపం వచ్చింది కూడా అందుకే.

మేడమ్ గారికి చెప్పాను. "వచ్చే ఆదివారం గూడెం రాకు. కొల్లేరు వెళ్దాం," అన్నారు. ఆవిడ దగ్గర చదువుకున్న అమ్మాయి ఒక లంకలో కాపురం ఉంటోంది. కార్తీకమాసం, సరస్సు నిండుగా ఉంది. బస్సు దిగి పడవలో వెళ్ళాం. ఆ ఇంటి అరుగు దాకా నీళ్ళు. మేం ఇంటి లోపలి బొమ్మ వేస్తామనగానే ఆ అమ్మాయి గాభరాపడిపోయింది.

"అయ్యో, ఉండండి మేడమ్ గారండీ, వలలు తీసేసి సర్దేస్తాను," అని చీపురందుకుంది.

"ముట్టుకోకమ్మా! ఆ వలల కోసమే వచ్చాం," అని మేడమ్ గారు చీపురు లాక్కున్నారు. ఆ అమ్మాయికి మా ఇద్దరి మీదా కాస్త జాలి కలిగినట్టుంది.

ఆ గదిలో కూర్చున్నాక కిటికీ కోసం చూశాను. వెలుగు ఎటు నుంచి వస్తోందో ముందు చూడాలి కదా. కిటికీ మూసే ఉంది. గుమ్మంలోకి ఎండ పడటం లేదు. అయినా గదిలో వెలుతురుంది. తలెత్తితే పెంకుల కింద దూలాలు, వాసాలు, వేలాడేసిన వలలు, అన్నీ కదులుతూ మెరుస్తున్నాయి. ఎండ నీళ్ళ మీద పడి, అక్కణ్ణుంచి లేచి గుమ్మంలోంచి ఇంటి కప్పుకి కొడుతోంది. నీడలన్నీ తలకిందులుగా ఉన్నాయి. వాసం కింది భాగం తెల్లగా ఉంది, పైభాగం నల్లగా ఉంది.

"నీళ్ళొచ్చాయంటే ఇంతేనండీ, చూరంతా ఆడుద్ది," అంది ఆ అమ్మాయి టీ ఇస్తూ. "మా చంటాడు దాన్ని చూస్తానే పడుకుంటాడండీ."

నేను కుంచె తీయబోతే మేడమ్ గారు ఆపారు. "ముందు ఇక్కడ కూర్చుని చూడు. తరవాత ఆ గోడ దగ్గర్నుంచి చూడు. తరవాత గుమ్మంలోంచి," అన్నారు. మూడు చోట్ల నుంచి చూశాను. గోడ దగ్గర్నుంచి వల వెండిలా ఉంది. గుమ్మంలోంచి అదే వల మసి. "నువ్వెక్కడ ఉన్నావో ముందు తేల్చుకోవాలమ్మా. నీ మొదటి బొమ్మలో నువ్వు గదంతా తిరుగుతూ వేశావు. బొమ్మ వేసేవాళ్ళకి ఒక్క చోటే," అన్నారు. అబ్బా అడిగిన ప్రశ్నే అది. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. పడవలో తిరిగొస్తూ ఒక్కసారి నవ్వొచ్చింది. గూడెం దాకా వెళ్ళి, కొల్లేరు దాకా వెళ్ళి నేను నేర్చుకున్నది మా వెనక గదిలో ఉన్న పాఠమే.

ఇంటికొచ్చి మగ్గం గది గుమ్మంలో నేల మీద సుద్దముక్కతో రెండు పాదాల గుర్తులు గీశాను. ఆ గుర్తుల్లో నుంచునే వెయ్యాలి, ఇక కదలకూడదు. తివాచీ మొదలు కొస నా పాదాల దగ్గరకి వచ్చేట్టు పరిచాను. అంటే నాకు కనపడేది ముదురు వైపే. రోజూ పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు, వెలుగు గోడ దిగి, పలక దాటి, కిటికీ వైపు వెనక్కి జరిగేలోపు, అంతే పని. మబ్బు పడితే కుంచె ముట్టుకోలేదు. అబ్బా మగ్గం మీద చివరి తివాచీ నేస్తూ ఉండేవారు. నేను వెనక గుమ్మంలో. పంజాతో ఆయన పేక కొడుతుంటే, ఆ దెబ్బల లెక్కకే నా కుంచె కూడా నడిచేది. పంజా అంటే అడ్డదారమైన పేకని బిగించే బరువైన ఇనుప దువ్వెన.

మగ్గం మీద నిలువుగా ఉండే పడుగు దారాలు బొమ్మలో వెయ్యడం పెద్ద తలనొప్పి అయింది. వందల దారాలు, ఒక్కొక్కటీ కుంచెతో గీస్తే కంచెలా వస్తోంది. ఒకరోజు విసుగొచ్చి, పక్కన పడున్న పాత విరిగిన పంజా తీసి తడిరంగు మీద పైనుంచి కిందికి ఒక్కసారి లాగాను. రంగు చీలి దారాలు దారాలుగా వచ్చేసింది, కొన్ని బిగువుగా, కొన్ని వదులుగా, సరిగ్గా పడుగులాగే. మేడమ్ గారు అది చూసి ముక్కు కాన్వాసుకి ఆనించినంత దగ్గరికి వెళ్ళి, "దీంతో చేశావా? ముప్పయ్యేళ్ళు నేర్పాను, ఈ కిటుకు నాకు తట్టలేదు," అన్నారు. ఆ మాట నేను ఏలూరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఇక్కడా చెప్పుకుంటున్నాను. నూగుకి కూడా నా దారి నాకు దొరికింది. అబ్బా కత్తిరించి పారేసిన ఉన్ని తుక్కు ఉండచుట్టి, దాదాపు ఆరిపోయిన రంగులో అద్ది, కిటికీలోంచి పడే వెలుగు చార మీద తట్టాను.

అంతా వచ్చింది గాని గది ఖాళీగా ఉంది. ఆయన బొమ్మ వెయ్యనని మాటిచ్చాను. పలక మీద మనిషి లేడు. చూస్తే ఎప్పుడో వదిలేసిన గదిలా ఉంది. రంజాన్ నెల మొదలైంది. అబ్బా ఉపవాసాలతో కూడా రోజూ కాసేపు నేసేవారు. ఒకరోజు లేస్తూ, అలవాటు ప్రకారం, నేల మీద తివాచీ దగ్గర వంగి అరచేత్తో ఒక్కసారి అవతలి కొస వైపుగా రాశారు. వాలుకి ఎదురు. అలా రాస్తే పోగులు లేచి, ఆ చెయ్యి వెళ్ళిన మేర లేత చార పడుతుంది. అడుగున ముడి గట్టిగా ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఆయన వెళ్ళిపోయాక ఆ చార అలాగే ఉంది. ఐదు వేళ్ళ వెడల్పు, చివర కొంచెం ఎడమకి వంపు, ఎందుకంటే ఆయన కుడి మణికట్టు పూర్తిగా తిరగదు.

సుద్ద గుర్తుల్లో నుంచుని, ఆ ముదురెరుపు మీద ఆ లేత చార వేశాను. అదొక్కటి వేసేసరికి గదిలోకి మనిషి వచ్చాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం లేదు. మాట తప్పలేదు, ఆయన్ని వదల్లేదు.

పండగ వెళ్ళింది. మగ్గం విప్పడానికి మర్నాడు పొద్దున్నే వడ్రంగి వస్తాడనగా, బొమ్మ తెచ్చి అబ్బాకి ఇచ్చాను. ఈసారి ఆయన వెనక్కి తిప్పలేదు. తివాచీని చూసేవాళ్ళు ఎలా చూస్తారో అలా, నేల మీద పరిచినట్టు వెల్లకిలా పెట్టి, దాని అడుగు కొస దగ్గర గొంతుక్కూర్చోబోయి, మోకాళ్ళు ఒప్పుకోక పలక అంచున కూర్చున్నారు.

చాలాసేపు చూశారు. తరవాత లేత చార మీద, తగలకుండా, గాలిలో చెయ్యి ఆడించారు. "ఇక్కడ ఎవరో చెయ్యి రాశారు," అన్నారు.

"మీరే," అన్నాను.

ఆయన తన మణికట్టు ఒకసారి చూసుకున్నారు. మెల్లగా లేచి, గోడ పట్టుకుని, బొమ్మ చుట్టూ తిరిగి అవతలి కొసకి నడిచారు. అక్కడ నుంచుని వంగి చూశారు. మళ్ళీ ఇవతలికి వచ్చి చూశారు. మళ్ళీ అటు వెళ్ళారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"అటు నుంచి ముదురుగా ఉంది, బాగానే ఉంది," అన్నారు. "ఇటు నుంచి లేతగా రావాలి కదమ్మా? రావట్లేదేంటి?"

"అబ్బా," అన్నాను, "అది ఉన్ని కాదు. రంగు."

ఆయన నా వైపు చూశారు, బొమ్మ వైపు చూశారు.

"అవును కదూ," అన్నారు. "మర్చిపోయాను."